తెల్లారకముందే గట్టు మీద: ఊరి చెరువు నీళ్లనూ నాచునూ కనిపెట్టుకోవడం ఎలా

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతు పొద్దున్నే లేచి ముందు చూసేది చెరువు నీళ్ల రంగు. రాత్రి కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగుతాయని, ఆక్సిజన్ పడిపోతుందని నిద్రలోంచి లేచి జనరేటర్ దగ్గరికి పరిగెత్తుతాడు. వారం తిరక్కుండా సీసాలో నీళ్లు పట్టుకుని ల్యాబ్ మెట్లెక్కుతాడు. అదే రైతు ఇంటికి కుళాయి నీళ్లు వచ్చే ఊరి చెరువులో ఆక్సిజన్ ఎంతుందో, పైన తేలుతున్న నాచు ఏ రకమో ఆ వీధిలో ఎవరినడిగినా తెలియదు. పన్నెండేళ్లు ఆక్వా ల్యాబ్‌లో కూర్చుని నీళ్లు చూసిన నన్ను బాగా బాధపెట్టిన సంగతి ఇది. రొయ్యకు చేసే సేవలో పదో వంతు ఊరి చెరువుకు చేస్తే చాలు. కిట్లు మన బజార్లోనే దొరుకుతాయి, మైక్రోస్కోపులు మన వీధి చివర ల్యాబుల్లోనే ఉన్నాయి, నీళ్లు చూడటం వచ్చిన కుర్రాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. ఎలా మొదలుపెట్టాలో, ఏ అంకెను ఎలా చదవాలో చెబుతాను.

డెల్టా చెరువు నడక ముందు తెలుసుకోండి

1852లో ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక మన చెరువులన్నీ కాలువలకు ముడిపడిపోయాయి. కాలువ పారితే చెరువుకు ప్రాణం, కట్టేస్తే చెరువు ఒంటరి. సముద్రం దగ్గరయ్యేకొద్దీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కనుక నరసాపురం, మొగల్తూరు వైపూ కోనసీమ దిగువనా కాలువ నీళ్లతో నింపుకున్న చెరువే దిక్కు. దాళ్వా (రబీ వరి) చేలకు ఆఖరి తడి అయ్యాక, మామూలుగా ఏప్రిల్‌లో, కాలువలు కట్టేస్తారు. అంతకుముందే చెరువులు నింపుకోవాలి. మళ్లీ జూన్‌లో వదిలేదాకా ఆ నీళ్లే. కొత్త నీరు రాదు, పాత నీరు పోదు, ఎండకు మట్టం తగ్గుతుంటే మిగిలిన నీళ్లలో ఉన్నదంతా చిక్కబడుతుంది. నాచుకు అంతకంటే మంచి కాలం లేదు.

అందుకే ఏప్రిల్‌లో నీళ్లు పచ్చబడ్డాక మొదలుపెట్టకండి. డిసెంబర్, జనవరిల్లో చెరువు ఆరోగ్యంగా ఉన్నప్పుడు అంకెలు రాసి పెట్టుకోవాలి. జ్వరం ఎంతో తెలియాలంటే మామూలు వేడి ఎంతో తెలిసుండాలి కదా.

నేను ఎక్కువగా మంచినీళ్ల చెరువు గురించే చెబుతాను. రాజమండ్రి కంబాలచెరువు, కాకినాడ బోట్‌క్లబ్ చెరువు లాంటి పార్కు చెరువులకూ, ద్రాక్షారామం సప్తగోదావరి కుండం, భీమవరం గునుపూడి సోమారామం కోనేరు లాంటి స్నానాల నీళ్లకూ కొలిచే పద్ధతి ఇదే. హద్దు అంకెలు మాత్రం మారతాయి.

చెరువు చుట్టూ ఒకసారి తిరిగి పటం గీయండి

ఒక తెల్లకాగితం తీసుకుని గట్టు మీద పూర్తిగా ఒక చుట్టు తిరగండి. కాలువ నుంచి నీళ్లొచ్చే తూము ఎక్కడ, పంపుహౌసు నీళ్లు లాగే చోటు ఎక్కడ, బట్టలుతికే రేవు ఎక్కడ, గేదెలు దిగే చోటు ఎక్కడ, ఇవన్నీ గుర్తు పెట్టండి. తర్వాత చూసేవి చాలా ముఖ్యం: ఇళ్ల వెనక నుంచి చెరువులోకి దిగిన గొట్టాలు, వాన పడితేనే పారే చిన్న బోదెలు, గట్టుకు ఆనుకుని ఉన్న వరి చేలు, చేపల చెరువులు. ఎండాకాలంలో పొడిగా కనిపించే బోదె ఆగస్టులో ఏం మోసుకొస్తుందో వానలో గొడుగేసుకుని వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. అందుకని పటం ఒకసారి ఎండలో, ఒకసారి వానలో, రెండుసార్లు గీయాలి.

నీళ్లు తీయడానికి మూడు చోట్లు ఎంచుకోండి: తూము దగ్గర ఒకటి, పంపు లాగే చోట ఒకటి, గాలివాటానికి తెట్టు వచ్చి చేరే మూల ఒకటి. వేసవి సాయంత్రాలు దక్షిణం నుంచి గాలి వీస్తుంటే తెట్టంతా ఉత్తరపు గట్టుకు అంటుకుంటుంది. దక్షిణపు రేవులో నిలబడి చూసినవారికి చెరువు శుభ్రంగానే కనిపిస్తుంది. మూడు చోట్లా గట్టు రాళ్ల మీద పెయింటుతో గుర్తులు వేయండి. ఈ వారం ఒక చోట, వచ్చే వారం ఇంకో చోట తీస్తే ఆ అంకెలు ఒకదానితో ఒకటి మాట్లాడవు.

మునిసిపాలిటీ చెరువులకు కంచె ఉంటుంది. కమిషనర్‌కు అర్జీ రాసి అనుమతి తీసుకునే లోపలికి వెళ్లండి. ఎప్పుడూ ఇద్దరు కలిసి వెళ్లాలి. పాచి పట్టిన రేవు మెట్టు మీద కాలు జారితే ఈతగాడు కూడా తల కొట్టుకుంటాడు. గాలి నింపిన ట్యూబు ఒకటి, పొడవాటి తాడు ఒకటి గట్టు మీద ఉండి తీరాలి. చిన్నపిల్లలను ఈ పనికి తీసుకెళ్లకండి.

పళ్లెంతో మొదలుపెట్టండి

మొదటి పరికరం కొనక్కర్లేదు. 20 సెంటీమీటర్ల వెడల్పున్న పాత స్టీలు పళ్లెం తీసుకుని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలకు ఒక జతకు నల్ల పెయింటు, ఇంకో జతకు తెల్ల పెయింటు వేయండి. నడుమ బెజ్జం కొట్టి తాడు కట్టండి, కింద ఒక బరువైన ఇనుప నట్టు వేలాడదీయండి. తాడు సాగేది కాకూడదు. దాని మీద పది సెంటీమీటర్లకొక గుర్తు పెట్టండి. దీని పేరు సెక్కి డిస్క్. 1865లో ఇటలీ మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి సముద్రంలో దించి చూసిన పళ్లెం దీనికి మూలం. మన రొయ్యల రైతులకు ఇది బాగా తెలిసిన వస్తువే.

ఉదయం పదికీ మధ్యాహ్నం రెండుకీ మధ్య, మీ నీడ పడే వైపు నుంచి దించండి. చలువ కళ్లద్దాలు తీసేయాలి. పళ్లెం కనుమరుగైన లోతు రాసుకోండి, ఇంకాస్త దించి మెల్లగా పైకి లాగుతూ మళ్లీ కనిపించిన లోతు రాసుకోండి. రెండింటి సగటే మీ అంకె.

ఆ అంకె రొయ్యల చెరువులో 30, 40 సెంటీమీటర్ల మధ్య ఉంటే రైతుకు సంతోషం. మేతకు పనికొచ్చే పచ్చనీళ్లు కుదిరాయని అర్థం. మంచినీళ్ల చెరువులో అదే అంకె వస్తే ఆందోళన పడాలి. చెరువుల పోషణ స్థాయిని లెక్కగట్టడానికి 1977లో కార్ల్‌సన్ ఇచ్చిన కొలబద్ద ప్రకారం, పళ్లెం రెండు మీటర్ల దాకా కనిపిస్తే మధ్యరకం, ఒక మీటరుకే మాయమైతే నాచు బాగా పెరుగుతున్న చెరువు, అర మీటరుకే మాయమైతే పోషకాలు విపరీతమైన చెరువు. ఆక్వాలో పెరిగిన కళ్లతో ఊరి చెరువును చూసి పచ్చగా భలే ఉందనుకునే పొరపాటు మన ప్రాంతంలోనే జరుగుతుంది. చేపకు మేత అయ్యేది మనిషికి మంచినీళ్లు కాదు.

ఇక్కడే ఇంకో చిక్కు. జులైలో గోదారికి ఎర్రనీళ్లు దిగాక కాలువలూ ఎర్రబడతాయి. అప్పుడు పళ్లెం జానెడు లోతుకే మాయమవుతుంది. అది నాచు కాదు, ఒండ్రు. తేడా తెలియాలంటే ఒక లీటరు నీళ్లను శుభ్రమైన తెల్ల పంచె ముక్కలో వడగట్టండి. గుడ్డ మీద ఇటుకపొడి రంగు మిగిలితే మట్టి, ఆకుపసరు మరక మిగిలితే నాచు. ఎర్రనీళ్ల కాలంలో వెలుతురు లోపలికి దిగక నాచు అణిగి ఉంటుంది. ఆ మట్టి అడుగుకు దిగి నీళ్లు తేటపడ్డాక, అంటే కార్తీకం దాటాక, నాచు లేవడం మొదలవుతుంది. నీళ్లు తేటగా కనిపిస్తున్నాయని ఆ నెలల్లో పళ్లెం మూలన పెట్టేయకండి.

తెల్లవారుజాము, మధ్యాహ్నం: రెండు వేళల్లో కొలవాల్సింది ఆక్సిజన్

మిగతావన్నీ మానేసినా ఇది మానకండి.

నాచు పగలు ఎండలో ఆక్సిజన్ విడుస్తుంది. రాత్రి అదే నాచు మిగతా జీవులతో కలిసి ఆక్సిజన్ పీల్చుకుంటుంది. కాబట్టి నాచు దట్టంగా ఉన్న చెరువులో మధ్యాహ్నం మూడింటికి ఆక్సిజన్ విపరీతంగా ఉంటుంది, తెల్లవారుజాము ఐదింటికి అడుగంటుతుంది. మధ్యాహ్నం కొలిచినవారు చెరువు దివ్యంగా ఉందంటారు, తెల్లవారుజామున కొలిచినవారు చేపలు చస్తాయంటారు. ఇద్దరూ చూసింది నిజమే. మధ్యాహ్నపు నమూనా ఒక్కదానితో చెరువు బాగుందని తేల్చిన రిపోర్టును నేను నమ్మను.

30 డిగ్రీల వేడి దగ్గర నీళ్లు గాలి నుంచి మామూలుగా నిలుపుకోగల ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు. మధ్యాహ్నం మీకు 12 వచ్చిందంటే ఆ అదనమంతా నాచు ఊదినదే. అది మంచి మార్కు కాదు, నాచు బలానికి కొలత. అదే చోట మర్నాడు తెల్లవారుజామున 3 వచ్చిందనుకోండి, రెండింటి తేడా 9. ఆ తేడా వారం వారం పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే మీరు పట్టుకోవాల్సిన తీగ. ఆరోగ్యమైన చెరువులో ఈ తేడా తక్కువగా ఉంటుంది.

కాలుష్య నియంత్రణ మండలి పద్ధతిలో, శుద్ధి చేసి తాగడానికి వాడే నీటి వనరులో ఆక్సిజన్ కనీసం 4 ఉండాలి, స్నానాల నీళ్లలో కనీసం 5. తెల్లవారుజాము అంకె 3 కంటే కిందికి జారితే ఆ రోజే మునిసిపాలిటీ వాళ్లకు చెప్పాలి. 2 దగ్గరికొస్తే చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటాయి. శీలావతి, బొచ్చె ఇలా తేలుతాయి. కొర్రమీను గాలి పీల్చగలదు కనుక దాన్ని చూసి లెక్క వేయకండి.

నీళ్లలో కరిగిన ఆక్సిజన్ చూపే డీఓ మీటర్ ఉంటే సుఖం. లేకపోతే చుక్కలు లెక్కపెట్టే కిట్ చాలు. ఆక్వా షాపుల్లో దొరుకుతుంది. సీసాను నీళ్లలో ముంచి, మూతి పక్కకు వంచి, గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా నింపి నీళ్లలోనే మూత పెట్టాలి. మొదటి రెండు చుక్కల మందులు అక్కడికక్కడే వేసేయాలి. దాంతో ఆక్సిజన్ బంధించినట్టవుతుంది, ఆ తర్వాత ఇంటికొచ్చి మిగతా లెక్క చూసుకోవచ్చు. ఈ పని నేర్చుకునే రోజుల్లో నేను సగం నిండిన సీసాను బండి మీద ఊపుకుంటూ ల్యాబ్‌కి తెచ్చి కొలిచాను. సీసాలోని గాలి నీళ్లలో కలిసిపోయి చచ్చిపోతున్న చెరువుకు మంచి అంకె వచ్చింది. ఆ రైతు ఆ రాత్రి ఏరియేటర్లు తగ్గించి తిప్పుకున్నాడు. పొద్దున జరిగిన నష్టం నాకు ఇప్పటికీ గుర్తుంది. గాలి బుడగ విషయంలో నేనింత పట్టుబట్టేది అందుకే.

వీలైతే అడుగు నీళ్లూ చూడండి. ఒక సీసాకు రాయి కట్టి, బిరడాకు వేరే దారం కట్టి దించండి. అడుగుకు చేరాక దారం లాగితే బిరడా ఊడి అక్కడి నీళ్లు నిండుతాయి. లోతున్న చెరువుల్లో ఏప్రిల్, మే ఎండకు పైనీళ్లు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతాయి, కింద నీళ్లకు గాలి అందదు. మేలో హఠాత్తుగా ఈదురుగాలి, పెద్ద వాన వచ్చి ఆ రెండు పొరలూ కలిస్తే పైనున్న ఆక్సిజన్ కూడా పోతుంది. మర్నాడు పొద్దున చేపలు తెల్లగా తేలితే ఊరంతా ఎవరో మందు కలిపారంటారు. అడుగు నీళ్ల అంకె మీ పుస్తకంలో ముందే ఉంటే ఆ అపవాదు ఎవరి మీదా పడదు.

పీహెచ్, అమ్మోనియా: జంటగా చదవాల్సినవి

నీళ్ల ఆమ్ల, క్షార గుణం చూపే పీహెచ్ పెన్ను చవకే గానీ అది అబద్ధాలు కూడా చెబుతుంది. నెలకోసారి పీహెచ్ ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో, 7 దాంట్లోనూ 10 దాంట్లోనూ, ముంచి సరిచేయాలి, కొన ఎండిపోకుండా దానికిచ్చిన ద్రావణంలోనే ఉంచాలి. దీన్ని కూడా తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడండి. నాచు పగలు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంది కనుక పీహెచ్ ఎక్కుతుంది. తెల్లారి 7.6 ఉన్నది మధ్యాహ్నానికి 9 దాటిందంటే ఇక పళ్లెం దించక్కర్లేదు, నాచు ఎంతుందో అదే చెప్పేసింది.

అమ్మోనియా అంకెను ఒంటరిగా చదవకండి. కిట్ చూపించేది మొత్తం అమ్మోనియాను. అందులో చేపకు విషమయ్యే భాగం పీహెచ్‌ను బట్టి మారుతుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే ఆ భాగం నూటికి ఒకటి కూడా ఉండదు, 9 ఉంటే నూటికి నలభై దాటుతుంది. పొద్దున హాయిగా ఈదిన చేప అదే నీళ్లలో మధ్యాహ్నానికి ఎందుకు తల్లడిల్లుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. అమ్మోనియా వారం వారం పెరుగుతుంటే మీ పటం తీసి గొట్టాల గుర్తులు మళ్లీ చూడండి. ఎక్కడో మరుగుదొడ్డి నీళ్లు కలుస్తున్నాయి, లేదా అడుగున ఏదో కుళ్లుతోంది.

ఫాస్ఫేట్ సున్నా వచ్చిందని సంబరపడకండి

చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ పొరబడతారు. నీళ్లు చిక్కటి పచ్చగా ఉంటాయి, కిట్‌లో చూస్తే నైట్రేట్, ఫాస్ఫేట్ దాదాపు సున్నా. పోషకాలు లేవు కదా, మరి నాచు ఎలా పెరిగిందంటారు. ఉన్నదంతా నాచు తినేసింది కనుకనే నీళ్లలో కనిపించడం లేదు. అది ఇప్పుడు నాచు ఒంట్లో ఉంది. అందుకని నెలకో, రెండు నెలలకో ఒకసారి ఒక సీసా నీళ్లు వడగట్టకుండా మంచి ల్యాబ్‌కి ఇచ్చి మొత్తం భాస్వరం చూడమని అడగండి. లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటితే చెరువుకు తిండి ఎక్కువైందని అర్థం. నీళ్లలోని కుళ్లును క్రిములు తినడానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో చెప్పే బీఓడీ కూడా అడగండి, మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులుంచి చూస్తారు. తాగునీటి వనరుకైనా స్నానాలకైనా అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు.

ల్యాబ్‌కి ఇచ్చే సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, మోచేతి లోతున ముంచి నింపాలి. పైపొర నీళ్లు తీస్తే తెట్టు ఎక్కువ పడుతుంది, అడుగు కెలికితే బురద వస్తుంది. చేపలు, రొయ్యలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి సీసా అందులో పెట్టండి. ఆరు గంటల్లోపు ల్యాబ్‌లో ఉండాలి. సూక్ష్మక్రిముల పరీక్షకు వాళ్లిచ్చే సీసా మాత్రం తొలవకూడదు.

నీళ్లలో కరిగిన లవణాల మొత్తం చెప్పే టీడీఎస్ గురించి ఒక మాటే. డిసెంబర్‌లో మీ చెరువు అంకె ఎంతో చూసుకుని, ఎండాకాలంలో ఎంత పెరుగుతుందో గమనించండి. మట్టం తగ్గినంత మేర పెరిగితే ఆవిరి వల్ల. అంతకు మించి ఎగబాకితే పక్క ఉప్పునీటి చెరువు నుంచి ఊట వస్తోందేమో చూడాలి. తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది.

నాచు ఏ రకమో పట్టుకోవడం

పచ్చగా ఉన్నదంతా ఒకటి కాదు. ఒక కర్ర తీసుకుని తెట్టులో ముంచి ఎత్తండి. జుట్టులా పోగులు పోగులుగా కర్రకు చుట్టుకుని వేలాడితే అది పోగు నాచు. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, జల్లెడలు మూస్తుంది, కానీ విషం కాదు. చిన్న చిన్న ఆకుల్లా చేతికి అంటుకుంటే అసలు నాచే కాదు, నీళ్ల మీద తేలే మొక్క. గుర్రపుడెక్క సంగతి మీకు చెప్పక్కర్లేదు. పొద్దున పచ్చగా ఉండి ఎండ ఎక్కేసరికి ఎర్రబారే పొర సాధారణంగా యూగ్లీనా. అది చెరువులో కుళ్లు ఎక్కువైందని చెబుతుంది.

కర్ర పైకి తీస్తే పచ్చ పెయింటు డబ్బాలో ముంచినట్టు పూత పట్టిందా? అప్పుడు జాగ్రత్త పడండి. అది నీలిపచ్చ నాచు కావచ్చు. నిజానికి అది బ్యాక్టీరియా జాతి. మైక్రోసిస్టిస్ లాంటి కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని తయారుచేస్తాయి. గట్టు దగ్గర ఎండిన చోట నీలపురంగు చారలు, మట్టివాసనో కుళ్లిన గడ్డి వాసనో ఉంటే అనుమానం బలపడుతుంది.

ఇంట్లో ఇంకో పరీక్ష చేయండి. గాజు సీసాలో ముప్పాతిక దాకా ఆ నీళ్లు పోసి మూత పెట్టి, కదపకుండా ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచండి. చేతికి గ్లౌజులు వేసుకోండి, ఆ సీసా మీద పెద్ద అక్షరాలతో రాయండి, పిల్లలకు అందనివ్వకండి. పొద్దున పచ్చదనం పైకి తేలి వలయంలా నిలిస్తే నీలిపచ్చ నాచు అయ్యే అవకాశం ఎక్కువ. దాని ఒంట్లో గాలి తిత్తులుంటాయి. అడుగుకు దిగితే మామూలు పచ్చ నాచు కావచ్చు.

ఖాయం చేసేది మైక్రోస్కోపే. ఆక్వా ల్యాబ్‌లో ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) చూసే కుర్రాడికి సీసా ఇవ్వండి, అయిదు నిమిషాల పని. చుక్కలు ముద్దలుగా చేరి ఉంటే మైక్రోసిస్టిస్, పూసల దండలా ఉంటే అనబీనా, సన్నని పుల్లల్లా ఉండి మెల్లగా ఊగుతుంటే ఆసిలటోరియా. అయితే ఏ ముద్దలో విషం ఉందో, ఏ ముద్దలో లేదో మైక్రోస్కోపు చెప్పలేదు. దానికి వేరే పరీక్ష చేయించాలి. ఆ ఫలితం వచ్చేదాకా ఉన్నట్టే లెక్కవేసుకోవాలి. మైక్రోసిస్టిస్ విషానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో జీవితకాలానికి పెట్టిన హద్దు లీటరుకు ఒక మైక్రోగ్రాము మాత్రమే.

పుస్తకం

ఫోన్‌లో కాదు, గట్టి అట్ట ఉన్న పుస్తకంలో రాయండి. ఫోన్ మారుతుంది, మనిషి మారతాడు, పుస్తకం చెయ్యి మారినా ఉంటుంది. తేదీ, వేళ, ఎవరు కొలిచారు, ఆకాశం ఎలా ఉంది, గాలి ఎటు, గత మూడు రోజుల్లో వాన పడిందా, కాలువ పారుతోందా కట్టేశారా, రేవు మెట్టు మీద పెయింటు గీతతో చూసిన నీటి మట్టం. తర్వాత పళ్లెం అంకె, వేడి, ఆక్సిజన్ రెండు వేళలవీ, పీహెచ్ రెండు వేళలవీ, అమ్మోనియా, టీడీఎస్. తెట్టుకు సున్నా నుంచి మూడు దాకా మార్కు: లేదు, అక్కడక్కడా చారలు, ఒక మూలంతా, చెరువులో చాలా భాగం. వాసన, చేపల తీరు ఒక వాక్యంలో రాయండి. ఆ వాక్యమే ఒక్కోసారి అంకెల కంటే పనికొస్తుంది. ‘రేవులో ఇద్దరికి ఒంటి మీద దద్దుర్లు’ అని రాసిన రోజు చాలా విషయాలు తేలతాయి.

ఒకే చోట నిలబడి, ఒకే వేళకు వారానికొక ఫోటో తీయండి. ఉపగ్రహం కూడా సాయపడుతుంది. యూరప్ వాళ్ల సెంటినెల్-2 తీసే చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితంగా చూడొచ్చు. ఒక్కో చుక్క నేల మీద పది మీటర్లు. మూడెకరాల చెరువుకు నూరు చుక్కలు దాటతాయి, పచ్చదనం ఏ మూల మొదలైందో తెలుస్తుంది. వానాకాలంలో మబ్బులు అడ్డొస్తాయి గానీ మనకు కావాల్సిన మార్చి నుంచి మే దాకా ఆకాశం తేటగానే ఉంటుంది.

ఎప్పుడెప్పుడు? డిసెంబర్ నుంచి మార్చి దాకా వారానికోసారి. కాలువ కట్టేసిన రోజు నుంచి వారానికి రెండుసార్లు. తెట్టు మార్కు 2 దాటితే రోజూ. ఊడ్పులయ్యాక చేలకు యూరియా, డీఏపీ చల్లే రోజుల్లో, వినాయక నిమజ్జనం అయ్యాక, పెద్ద వాన కురిసిన మర్నాడు, అదనంగా ఒకసారి.

తెట్టు కనిపించిన రోజు ఏం చేయాలి

ముందు మనుషులనూ పశువులనూ నీళ్లకు దూరం పెట్టండి. రేవు దగ్గర పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టండి, గేదెలు తోలుకొచ్చేవారికి నోటితో చెప్పండి. ఆ నీళ్లు కాచి తాగొచ్చులే అనేవాళ్లుంటారు. కాస్తే క్రిములు చస్తాయి, నీలిపచ్చ నాచు విషం చావదు. పైగా నాచు కణాలు పగిలి లోపలి విషం బయటికొస్తుంది. ఈ ఒక్క మాట ఇంటింటికీ తిరిగి చెప్పినా శ్రమ వృథా కాదు.

సొంతంగా మైలుతుత్తం కొట్టడం, బ్లీచింగ్ చల్లడం చేయకండి. మన ప్రాంతంలో ఆక్వా అలవాటు వల్ల ఇది చేతికి అందుబాటులో ఉంటుంది, అందుకే మరీ మరీ చెబుతున్నాను. నాచు ఒక్కసారిగా చస్తే విషమంతా నీళ్లలోకి వస్తుంది, కుళ్లేటప్పుడు ఆక్సిజన్ అంతా లాగేస్తుంది. ఏం వేయాలన్నా, ఎంత వేయాలన్నా తాగునీటి ఇంజనీర్లు తేల్చాలి.

మునిసిపాలిటీ ఇంజనీరు దగ్గరికి వెళ్లేటప్పుడు కోపంతో కాదు, పుస్తకంతో వెళ్లండి. గత ఆరు వారాల అంకెలు ఒక కాగితం మీద రాసి, ఫోటోలు జతచేసి, మూడే అడగండి: పంపు లాగే గొట్టాన్ని తెట్టు పొరకు కిందా అడుగు బురదకు పైనా ఉండేలా మార్చమని, నీళ్లను విష పరీక్షకు పంపమని, మీ పటంలో గుర్తుపెట్టిన గొట్టాలు మూయమని. ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి, కాలుష్య నియంత్రణ మండలికి నకలు పంపండి. వాళ్లు చేయించిన పరీక్షల రిపోర్టులు కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఈలోపు కుళాయి దగ్గర కూడా చూస్తూ ఉండండి. క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములుండాలి. క్రిముల పరీక్షకు వాడే హెచ్‌టూఎస్ సీసాలో కుళాయి నీళ్లు గీత దాకా పోసి గది వేడిలో ఉంచితే, ఒకటి రెండు రోజుల్లో నల్లబడిందంటే మలం కలిసిందన్న అనుమానం. చెరువు నీళ్లతో ఈ సీసా ఎప్పుడూ నల్లబడుతుంది కనుక అక్కడ వాడి లాభం లేదు.

తెట్టును చేతులతో తోడి గట్టు మీద పోయకండి. వాన పడితే మళ్లీ చెరువులోకే వస్తుంది. గుర్రపుడెక్క మాత్రం తీయించాలి. అది ఎండి కుళ్లకముందే, పచ్చిగా ఉండగానే తీసి దూరం తరలిస్తే దాని ఒంట్లోని పోషకాలు కూడా చెరువు దాటి పోతాయి.

జూన్‌లో కాలువ వదిలాక

కాలువ వదిలిన మొదటి రోజుల నీళ్లు రెండు నెలలుగా కాలువ అడుగున చేరిన చెత్తనంతా తోసుకొస్తాయి. తూము వెంటనే ఎత్తవద్దని ముందుగానే ఇంజనీరును కలిసి అడగండి. కాలువలో రోజూ ఒక బకెట్ నీళ్లు తీసి వాసన, రంగు, అమ్మోనియా చూడండి. అంకె దిగి రెండు రోజులు నిలకడగా ఉంటే అప్పుడు తూము ఎత్తమనండి. ఎత్తిన మర్నాడు తెల్లవారుజామున మూడు చోట్లా ఆక్సిజన్ కొలిచి, పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన ‘కాలువ నీళ్లు కలిశాయి’ అని తేదీతో రాయండి.